పాత బ్రాడ్‌బ్యాండ్ బాకీ అంటూ ఏజెన్సీ ఫోన్లు: ఎవరికి, ఏ వరసలో, ఏం రాయాలి?

పినాకిని_నెట్ | నెల్లూరు

ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ కొత్తగా వస్తా ఉంది కాబట్టి అంతా ఒక్కచోట పెడదాం. వేదాయపాళెంలోనో మాగుంట లేఅవుట్‌లోనో అద్దెకున్న కుటుంబం ఇల్లు మారింది. నెట్ తీసేయమని లైన్ చూసే అబ్బాయికి చెప్పారు. అతను రూటర్ పట్టుకుపోయాడు. ఏడాది గడిచాక ఏదో వసూలు ఏజెన్సీ నుంచి ఫోను: నాలుగు వేల ఎనిమిది వందల చిల్లర బాకీ, సాయంత్రంలోగా కట్టకపోతే లీగల్ యాక్షన్.

ఫోన్ చేసే మనిషి చేతిలో ఉండేది పేరు, నంబరు, చిరునామా, మొత్తం. అంతే, ఎక్సెల్ షీట్‌లో ఒక వరస. ఆ మొత్తం ఎట్టా వచ్చిందో అతనికి తెలీదు, కొట్టేసే అధికారం లేదు, వసూలైతే కమీషన్ ఉంటుంది. అతనితో గంటసేపు వాదించి నెగ్గినా కంపెనీ ఖాతాలో పైసా మారదు. వచ్చే నెల అదే వరస ఇంకో ఏజెన్సీకి పోతుంది. తేల్చుకోవాల్సింది కంపెనీతో, అదీ రాతలో, ఫిర్యాదు నంబరుతో.

ఫోన్లో అడగాల్సినవి: ఏజెన్సీ పూర్తి పేరు, ఏ కంపెనీ తరఫున, ఖాతా నంబరు, బాకీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. కంపెనీ ఇచ్చిన అధికార పత్రం మెయిల్ చెయ్యమనండి. మీరు చెప్పాల్సింది ఒక్కటే: "ఈ బాకీ నేను ఒప్పుకోవడం లేదు, కంపెనీతో రాతపూర్వకంగా తేల్చుకుంటున్నాను, మీరు కూడా రాసి పంపండి." చెప్పి గమ్మున పెట్టేయండి. ఆధార్ నంబరు, కొత్త అడ్రసు, ఓటీపీ ఇవ్వకూడదు. "వచ్చే నెల చూస్తాలే", "సగమైతే కడతా" అనే మాటలు నోట్లోంచి రాకూడదు.

కనిగిరి_కస్టమర్ | కనిగిరి

అన్నా, బిల్లు కాపీనే లేకపోతే? కనెక్షన్ తీసేశాక యాప్‌లో లాగిన్ కూడా కాదు కదా. దేన్ని పట్టుకుని ఫిర్యాదు రాయాలి?

ఫైబర్‌కత్తెర | కావలి

లాగిన్ పోయినా ఖాతా నంబరు పోదు. పాత ఎస్ఎంఎస్‌లలో, మెయిల్లో, యూపీఐ చెల్లింపు వివరాల్లో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దాంతో కస్టమర్ కేర్‌కి మెయిల్ కొట్టి రెండు కాగితాలు అడగండి. ఒకటి, కనెక్షన్ ఇచ్చిన నాటి నుంచి ఈరోజు వరకు ఖాతా స్టేట్‌మెంట్. రెండు, చివరి 4 బిల్లుల పీడీఎఫ్‌లు. స్టేట్‌మెంట్ వచ్చాక మొదట చూడాల్సింది మొత్తం కాదు, సేవ ఆపిన తేదీగా వాళ్లు ఏం వేసుకున్నారో అది. గొడవంతా ఆ తేదీ దగ్గరే ఉంటుంది. మీరు తీసేయమన్న తేదీ ఒకటి, సిస్టంలో కనెక్షన్ మూసిన తేదీ ఇంకొకటి. మధ్య నెలలకు అద్దె నడుస్తానే ఉంటుంది. పోస్ట్‌పెయిడ్ ప్లాన్‌లో మీరు వాడారా లేదా అన్నది సిస్టం చూడదు, కనెక్షన్ తెరిచి ఉందా లేదా అన్నదే చూస్తుంది.

ఒక మాదిరి లెక్క వేసి చూపిస్తా. ప్లాన్ నెలకు 699. జీఎస్టీ 18 శాతం కలిపితే 824.82. బిల్లు నెల ఒకటో తేదీ నుంచి 30 వరకు. తీసేయమని అడిగింది 12న. ఏజెన్సీ అడిగే మొత్తం ఎట్టా తయారవుతుందంటే:

మూడు నెలల అద్దె, 824.82 చొప్పున: 2,474.46
ఆలస్య రుసుము నెలకు 100, మూడు నెలలు, జీఎస్టీతో: 354
రూటర్ తిరిగి ఇవ్వలేదని: 2,000
మొత్తం: 4,828.46

అసలు పడాల్సింది 12 రోజుల అద్దె. 699ని 30తో భాగించి 12తో గుణిస్తే 279.60. జీఎస్టీ 50.33. కలిపి 329.93. రూటర్ వెనక్కి ఇచ్చినట్టు రుజువుంటే ఆ 2,000 లేదు. ఇక కనెక్షన్ తీసుకునేటప్పుడు 1,000 డిపాజిట్ కట్టి ఉంటే కంపెనీయే మీకు 670.07 ఇవ్వాలి! చాలామంది డిపాజిట్ సంగతే మర్చిపోతారు. మొదటి నెల బిల్లు తీసి చూడండి, అక్కడ ఉంటుంది.

ఈ లెక్కను ఇట్టానే వరసలుగా ఫిర్యాదులో రాయండి. "బిల్లు తప్పు" అని రాస్తే "బిల్లు సరిగ్గానే ఉంది" అని జవాబొస్తుంది. వరస వరసకూ అభ్యంతరం రాస్తే వరస వరసకూ జవాబివ్వాలి. ఒక జాగ్రత్త: కొన్ని ప్లాన్లలో నెల మధ్యలో తీసేసినా పూర్తి నెల అద్దె పడుతుందని షరతు ఉంటుంది. దరఖాస్తు ఫారం చూసుకుని లెక్క వేయండి.

రూటర్ విషయం. పెట్టె కింద స్టిక్కర్ మీద సీరియల్ నంబరు, మ్యాక్ అడ్రసు ఉంటాయి. ఇచ్చేముందు ఆ స్టిక్కర్ ఫోటో తీయాలి, అడాప్టర్‌తో సహా. తీసుకెళ్లే మనిషి చేత తేదీ, సీరియల్ నంబరు, పేరు రాయించి సంతకం పెట్టించుకోవాలి. కంపెనీ స్లిప్ లేదంటే తెల్లకాగితమైనా చాలు. కాగితం లేకపోతే ఆరోజు అతనితో నడిచిన వాట్సాప్ మాటలు, కాల్ లాగ్ పనికొస్తాయి.

మన దగ్గర ఇంకో తిరకాసుంది. కావలి, కందుకూరు, పొదిలి లాంటి ఊళ్లలో కనెక్షన్ కంపెనీదే అయినా ముట్టజెప్పేది కేబులాయనకు, చేతికి నగదు. ఆయన కంపెనీ సిస్టంలో వేయకపోతే మీరు కట్టిన నెల కూడా బాకీగానే కనపడుతుంది. బిల్లు మీద ఎవరి పేరుందో చూడండి. కంపెనీ పేరు మీద బిల్లొస్తే, ఫ్రాంచైజీ మనిషి తీసుకున్న డబ్బుకు కంపెనీయే జవాబు చెప్పుకోవాలి, "ఆయన్ని అడగండి" అంటే కుదరదు. అసలు బిల్లే లేకుండా ఆయన సొంత నెట్ ఇస్తుంటే అది వేరే కథ.

పినాకిని_నెట్ | నెల్లూరు

చిన్న చేర్పు. యూపీఐ ఆటోపే గానీ బ్యాంకు మాండేట్ గానీ ఇచ్చి ఉంటే, కనెక్షన్ మూసిన రోజే దాన్నీ రద్దు చేయండి. కనెక్షన్ తీసేసినంత మాత్రాన మాండేట్ పోదు. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట ఉంటుంది.

లాయర్‌పేట_లెక్క | ఒంగోలు

ఇప్పుడు ఫిర్యాదు వరస. దీనికి ట్రాయ్, అంటే టెలికాం నియంత్రణ సంస్థ వాళ్ల 2012 ఫిర్యాదుల పరిష్కార నిబంధనలున్నాయి. రెండు మెట్లు.

మొదటి మెట్టు కంపెనీ ఫిర్యాదుల కేంద్రం. ఫోన్ చేసినా, మెయిల్ పెట్టినా డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు ఇచ్చి తీరాలి. "సార్ నోట్ చేసుకున్నాం" అంటే అది ఫిర్యాదు కాదు, నంబరు అడగండి. బిల్లు ఫిర్యాదుకు గరిష్ఠంగా 6 వారాలు చూడండి.

జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రెండో మెట్టు అప్పిలేట్ అథారిటీ, అంటే అప్పీలు వినే అధికారి. ఇది కూడా కంపెనీలోదే, కానీ వేరే విభాగం. గడువు ముగిసిన 30 రోజుల్లోపు వేయాలి. రుసుము లేదు. 39 రోజుల్లో తేల్చాలి. ఆ మెయిల్ చిరునామా కంపెనీ వెబ్‌సైట్లో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకాలి. డాకెట్ నంబరు లేకుండా అప్పీలు నడవదు, అందుకే పైన అంత గట్టిగా చెప్పింది.

చాలామంది నేరుగా ట్రాయ్‌కి రాస్తారు. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు పరిష్కరించదు, కంపెనీకి పంపి ఊరుకుంటుంది. అప్పీలు అయ్యాక కూడా తేలకపోతే టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగం ఉంది. కేంద్రం వాళ్ల సీపీగ్రామ్స్ పోర్టల్లో టెలికాం శాఖను ఎంచుకుని వేయాలి. డాకెట్ నంబరు, అప్పీలు నంబరు రెండూ రాయండి. అక్కడ గడువు 21 రోజులు. నా లెక్కలో అన్నిటికన్నా త్వరగా కదిలేది ఇదే. ఎందుకంటే శాఖ నుంచి వచ్చిన కాగితానికి కంపెనీ నోడల్ అధికారి జవాబు రాయక తప్పదు, కస్టమర్ కేర్ పిల్లలు కాదు. దీంతోపాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఒక ఫోను కొడితే పోయేదేమీ లేదు.

స్టోన్‌హౌస్‌పేట_శ్రీను | నెల్లూరు

ఇంత తతంగం ఎందుకబ్బా. రిజర్వు బ్యాంకు రూలుంది కదా, ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత రికవరీ ఏజెంటు ఫోన్ చేయకూడదని. ఆర్‌బీఐకి కంప్లైంట్ పెడతానంటే చాలు, పారిపోతారు.

లాయర్‌పేట_లెక్క | ఒంగోలు

శ్రీను గారూ, ఆ రూలు 2022 ఆగస్టులో ఆర్‌బీఐ ఇచ్చింది నిజమే. కానీ అది బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు, అంటే ఆర్‌బీఐ పరిధిలోని సంస్థలకు. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఆర్‌బీఐ పరిధిలో లేదు. ఆ మాట ఎత్తితే తెలిసిన ఏజెంటు నవ్వుతాడు. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు పెట్టిన ఫిర్యాదు కూడా పరిధి కాదని తిరిగొస్తుంది, ఈలోపు మీ 30 రోజుల అప్పీలు గడువు దాటిపోతుంది. ఆర్‌బీఐ రూలు లేనంత మాత్రాన వాళ్లు ఏమైనా చేయొచ్చని కాదు. బెదిరింపుకు మామూలు క్రిమినల్ చట్టం ఎటూ ఉంది, కింద ఎవరైనా అడిగితే రాస్తా.

మూలపేట_మాస్టారు | నెల్లూరు

ఫైబర్‌కత్తెర గారి లెక్కలో 329.93 నిజంగా పడాల్సిందే కదా. అది కట్టేసి మిగతాది ఒప్పుకోనంటే న్యాయంగానూ ఉంటుంది, ఫిర్యాదుకు బలమూ వస్తుంది. కట్టమనే నా సలహా.

లాయర్‌పేట_లెక్క | ఒంగోలు

మాస్టారూ, బాకీ కొత్తదైతే మీరు చెప్పినట్టే చేయాలి. పాతదైతే తేదీలు చూసుకోకుండా ముట్టుకోకూడదు.

సంగతేమిటంటే, 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి బాకీకి దావా వేయడానికి మూడేళ్లు. ఆ గడువు లోపల బాకీ ఉందని సంతకంతో రాసిస్తే 18వ సెక్షన్ కింద ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలు. కొంత కడితే 19వ సెక్షన్ కింద అదే ఫలితం, కాకపోతే కట్టినట్టు మీ చేతిరాత గానీ సంతకం గానీ ఉండాలి. ఏజెంటు "ఐదొందలు కట్టండి సార్, ఫైల్ హోల్డ్‌లో పెడతా" అని, దాంతోపాటు ఒక మెయిల్ కూడా ఎందుకు రాయించుకుంటాడో ఇప్పుడు అర్థమవుతుంది. ఇంకా ముదురు సంగతి: మూడేళ్లు దాటి కాలదోషం పట్టిన బాకీని కూడా "కడతాను" అని రాసి సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్, మూడో క్లాజు కింద అది కొత్త ఒప్పందమై కూర్చుంటుంది.

కాబట్టి మూసి ఆరు నెలలే అయితే ఆ 329.93ని కంపెనీ సొంత యాప్‌లోనో వెబ్‌సైట్లోనో కట్టి, "ఇది 1 నుంచి 12వ తేదీ వరకు వాడినదానికి మాత్రమే, మిగతా మొత్తం ఒప్పుకోవడం లేదు" అని అదే రోజు మెయిల్ పెట్టండి. రెండున్నరేళ్లు దాటితే ముందు లాయరుకు కాగితాలు చూపించండి.

మూలపేట_మాస్టారు | నెల్లూరు

సరే, ఆ తేడా ఒప్పుకుంటాను. డిపాజిట్ ఉంటే ఎటూ కట్టేదే లేదు, దాంట్లోంచి సర్దుకోమని రాస్తే సరి.

ఇక ఉత్తరం విషయంలో నా పోరు ఒకటుంది. జనం రెండు పేజీల బాధ రాస్తారు, తేదీ మాత్రం రాయరు. ఈ మాత్రం చాలు:

"ఖాతా నంబరు ఫలానా. ఈ కనెక్షన్ తొలగించమని ఫలానా తేదీన ఫలానా విధంగా కోరాను. రూటర్, సీరియల్ నంబరు ఫలానా, ఫలానా తేదీన మీ ప్రతినిధికి అప్పగించాను. ఆ తేదీ తర్వాత వేసిన అద్దె, ఆలస్య రుసుము, రూటర్ ఛార్జీ నేను బాకీ లేను. వాటిని రద్దు చేసి, సవరించిన ఖాతా స్టేట్‌మెంటు, బాకీ లేనట్టు పత్రం పంపగలరు. వివాదం తేలేవరకు ఈ ఖాతాను వసూలు ఏజెన్సీకి ఇవ్వవద్దు, ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి. క్రెడిట్ బ్యూరోలకు బాకీగా తెలియజేయవద్దు. ఈ ఉత్తరంలోని ఏ మాటా బాకీని అంగీకరించినట్టు కాదు."

ఆ చివరి వాక్యం లాయర్‌పేట గారు చెప్పిన 18వ సెక్షన్ కోసమే. తెలుగులో రాసినా ఫరవాలేదు, పక్కన ఇంగ్లీషు కాపీ పెడితే త్వరగా చదువుతారు.

మెయిల్‌తోపాటు పోస్టులో కూడా పంపండి. రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటర్లో స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్, చేరినట్టు రసీదు రెండూ కావాలని నోరు తెరిచి అడగాలి. అడక్కపోతే మామూలుగా కొట్టి ఇస్తారు. చేరినట్టు ట్రాకింగ్‌లో కనపడగానే ప్రింటు తీసి దాచండి, కొంతకాలం పోయాక ఆ పేజీ దొరకదు.

సింగరాయకొండ_సుధ | సింగరాయకొండ

కనెక్షన్ కొడుకు పేరు మీద, అతను బెంగళూరులో. ఫోన్లు మాత్రం ఊళ్లో ఉన్న అమ్మకు. "మీ అబ్బాయి మీద ఎఫ్ఐఆర్ అయింది, పోలీసులు ఇంటికొస్తారు" అని ఒకడు, "రేపు మనుషుల్ని పంపిస్తాం" అని ఇంకొకడు. ఇట్టాంటప్పుడు పెద్దవాళ్లు ఏం చేయాలి?

లాయర్‌పేట_లెక్క | ఒంగోలు

సుధ గారూ, ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. నెట్ బిల్లు కట్టకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. దాని మీద ఎఫ్ఐఆర్ కాదు, అరెస్టు ఉండదు. కొడుకు బిల్లుకు తల్లి బాధ్యురాలు కూడా కాదు, ఆమె హామీ సంతకం చేసి ఉంటే తప్ప. ఆమె అనాల్సింది ఒక్కటే: "మా అబ్బాయితో మాట్లాడుకోండి, ఈ నంబరుకు చేయొద్దు."

నిజంగా ఎఫ్ఐఆర్ ఉందంటే ఏ స్టేషను, ఏ నంబరు, ఏ తేదీ అని అడగండి. ఆంధ్రప్రదేశ్ పోలీసు వెబ్‌సైట్లో ఎఫ్ఐఆర్‌లు చూసుకోవచ్చు. అక్కడిదాకా పోకముందే ఫోన్ పెట్టేస్తారు.

ఇంటికొస్తే గుమ్మం దగ్గరే నిలబెట్టండి. గుర్తింపు కార్డు, కంపెనీ అధికార పత్రం అడిగి ఫోటో తీసుకోండి. లోపలికి రానివ్వాల్సిన పని లేదు. వద్దన్నా చొరబడితే అది గృహ అతిక్రమణ. టీవీ, బండి లాంటివి కోర్టు ఉత్తర్వు లేకుండా ముట్టుకునే హక్కు ఏ ఏజెన్సీకీ లేదు. అప్పటికప్పుడు గొడవైతే 112.

సెక్షన్లు కూడా రాస్తా, ఫిర్యాదులో పనికొస్తాయి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత. నేరపూరిత బెదిరింపు 351. భయపెట్టి డబ్బు గుంజితే 308. పోలీసునో కోర్టు ఉద్యోగినో అని చెప్పుకుంటే 204. ఆడవాళ్లతో అసభ్యంగా మాట్లాడితే 79. స్టేషనులో "ఇది సివిల్ మేటర్ అమ్మా" అని తిప్పి పంపే అవకాశం ఉంది. అందుకే ఫిర్యాదులో బిల్లు సంగతి ఒక్క వాక్యంలో ముగించి, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ నంబరు నుంచి, సరిగ్గా ఏ మాటలు అన్నాడో అదే ముందు పెట్టండి. తీసుకోకపోతే సోమవారం ఒంగోలులో ఎస్పీ గారి దగ్గర జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, రసీదిస్తారు. నెల్లూరులోనూ ఇదే పద్ధతి.

పినాకిని_నెట్ | నెల్లూరు

కాల్ రికార్డింగ్ గురించి. మీరు మాట్లాడిన కాల్ మీరు రికార్డు చేసుకోవచ్చు. ఫైలును కత్తిరించకుండా, పేరు మార్చకుండా అట్టానే పెన్‌డ్రైవ్‌లోకి, మెయిల్లోకి ఒక కాపీ వేయండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన కాపీని అసలుగా ఉంచుకోవద్దు, ఫైలు పేరు, తేదీ మారిపోతాయి. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కూడా రాయాలి కాబట్టి ఫోన్ మార్చేముందే ఈ పని చేసుకోండి.

ఇంకోటి. "ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబర్లన్నీ కట్" అనే కాల్ వస్తే అది వసూలు ఏజెన్సీ కూడా కాదు, పచ్చి మోసం. ట్రాయ్ ఎవరి నంబరూ కట్ చేయదు. సంచార్ సాథీ వెబ్‌సైట్లోని చక్షులో ఫిర్యాదు పెట్టండి. డబ్బు పోయి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930.

అసలు ఏజెన్సీయే అయినా సరే, ఏజెంటు పంపిన క్యూఆర్ కోడ్‌కు గానీ సొంత యూపీఐకి గానీ రూపాయి వేయొద్దు. అట్టా వేసిన డబ్బు కంపెనీ ఖాతాలో పడిందని రుజువు చేసుకోలేరు.

కనిగిరి_కస్టమర్ | కనిగిరి

లోక్ అదాలత్ నోటీసు అని ఒకటి వస్తోంది. తేదీ, టైము వేసి, రాకపోతే చట్టపరమైన చర్య అని ఉంటోంది. అది కోర్టు సమన్లేనా? పోకపోతే వారెంటు వస్తుందా?

లాయర్‌పేట_లెక్క | ఒంగోలు

జనం ఎక్కువగా బెదిరేది దీనికే. మూడు రకాల కాగితాలొస్తాయి, విడదీసి చూడాలి.

మొదటిది లాయరు నోటీసు. అది ఉత్తరం మాత్రమే. కోర్టు ముద్ర ఉండదు. సాధారణంగా 15 రోజుల గడువిస్తారు. జవాబు ఇవ్వకపోతే శిక్షేమీ లేదు, కానీ ఇవ్వడమే మంచిది. మాస్టారు రాసిన ఉత్తరానికి డాకెట్ నంబరు చేర్చి, అదే పోస్టులో కొట్టండి.

రెండోది లోక్ అదాలత్ నోటీసు. కంపెనీ ఇంకా కేసు వేయకముందే, రాజీకి ప్రయత్నిద్దామని న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పంపేది. ప్రీ లిటిగేషన్ అంటారు. పోకపోతే వారెంటు రాదు, ఏకపక్షంగా తీర్పూ ఇవ్వరు. రాజీ కుదరకపోతే వ్యవహారం అక్కడితో ఆగుతుంది, కంపెనీ కావాలంటే దావా వేసుకోవాలి. కానీ పోయి రాజీ కాగితం మీద సంతకం పెట్టారో, అది కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్. అక్కడ కంపెనీ తరఫు మనిషి "సగానికి ముగిద్దాం సార్" అంటాడు, వచ్చినవాళ్లు పని చెడగొట్టుకోలేక సంతకం పెట్టేస్తారు. ఆ సగం కూడా మీరు బాకీ లేనిదైతే "ఒప్పుకోవడం లేదు" అని చెప్పి, ఫిర్యాదు కాపీ ఇచ్చి వచ్చేయండి. నోటీసు నిజమైనదో కాదో ఒంగోలు, నెల్లూరు కోర్టు ప్రాంగణాల్లోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే చెబుతారు. ఫోన్లో అయితే 15100. వాట్సాప్‌లో వచ్చే "లోక్ అదాలత్" పీడీఎఫ్‌ల మీద నాకు నమ్మకం తక్కువ, ముందు కనుక్కోండి.

మూడోది నిజమైన సమన్లు. కేసు నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీ, ముద్ర ఉంటాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరో పేరో కొడితే కనపడుతుంది. ఇది వస్తే మాత్రం నిర్లక్ష్యం పనికిరాదు. వాయిదాకు పోకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ మాట వినకుండానే తీర్పు అవుతుంది, అప్పుడు మీ దగ్గర ఎన్ని రుజువులున్నా వినే దశ దాటిపోతుంది.

ఈ మధ్య ఆర్బిట్రేటర్ (కోర్టు బయట తగవు తేల్చే మధ్యవర్తి) పేరుతో కూడా కాగితాలొస్తున్నాయి. కంపెనీ తనకు తానే ఒక్కడిని ఆర్బిట్రేటర్‌గా నియమించుకోవడం చెల్లదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నియామకానికి ఒప్పుకోనని రాసి పంపండి, ఊరుకోవద్దు.

మార్కాపురం_పలక | మార్కాపురం

సిబిల్ సంగతి, అంటే మన అప్పుల చరిత్ర రాసిపెట్టే క్రెడిట్ బ్యూరో సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏజెంటు వాడే పెద్ద ఆయుధం అదే.

పూర్తిగా ఉత్త బెదిరింపూ కాదు. క్రెడిట్ రిపోర్టులో టెలికాం బ్రాడ్‌బ్యాండ్ అనే ఖాతా రకం ఉంది. కానీ అన్ని కంపెనీలూ పంపవు, ఏజెన్సీకి అయితే పంపే వీలే లేదు. కాబట్టి ఊహించుకుని భయపడేకంటే తీసి చూసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఉండొచ్చు, నాలుగూ తీయండి. చెల్లింపు పేజీలోకి తోస్తుంటే వెనక్కొచ్చి ఉచిత వార్షిక రిపోర్టు లింకు వెతకండి.

ఎక్కి ఉంటే బ్యూరో సైట్లోనే వివాదం నమోదు చేయాలి. 30 రోజుల్లో తేల్చాలి. బ్యూరో మొత్తం తనంతట తాను చెరపదు, కంపెనీని అడుగుతుంది, కంపెనీ అవునంటే అట్టానే ఉంచుతుంది. అందుకే కంపెనీ ఫిర్యాదు ముందు, బ్యూరో ఫిర్యాదు తర్వాత. బ్యూరో మీద మాత్రం ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. శ్రీను గారి ఆర్‌బీఐ ఇక్కడ పనికొస్తుంది!

సగానికి సెటిల్ చేసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. రిపోర్టులో "సెటిల్డ్" అని పడితే ఇంటి లోను ఇచ్చే బ్యాంకు దాన్ని మచ్చగానే చూస్తుంది. తప్పు బిల్లును సెటిల్ చేసుకోవడం కాదు, రద్దు చేయించుకోవాలి. కంపెనీ క్రెడిట్ నోటు (బిల్లు కొట్టేసినట్టు పత్రం) వేసి ఖాతా సున్నా చేసి మూయాలి. డబ్బు పంపకముందే ఆ మాట కంపెనీ మెయిల్ నుంచి రావాలి, ఏజెన్సీ మెయిల్ నుంచి కాదు.

స్టోన్‌హౌస్‌పేట_శ్రీను | నెల్లూరు

ఒప్పుకున్నా. ఇదంతా అయ్యాక కూడా దిగిరాకపోతే? వినియోగదారుల కోర్టుకు పోవాలంటే హైదరాబాదు పోవాలా, కంపెనీ ఆఫీసు అక్కడే కదా? టెలికాం కేసులు అక్కడ నడవవని కూడా అంటారు.

లాయర్‌పేట_లెక్క | ఒంగోలు

నడవవన్నది పాత మాట. 2009లో ఒక తీర్పు వల్ల ఆ చిక్కు ఉండేది. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చేసింది, వినియోగదారుల కమిషన్లకు పోవచ్చు. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోట, పనిచేసే చోట కూడా వేయొచ్చు. నెల్లూరులో ఉంటే నెల్లూరు జిల్లా కమిషన్, ఒంగోలులో ఉంటే ఒంగోలు. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపుంటే రుసుము లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. గడువు, కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు.

చాలా ఫిర్యాదులు ఎక్కడ తేలిపోతాయంటే, అడిగే దగ్గర. "న్యాయం చేయండి" అని ముగిస్తారు. ఇవి విడివిడిగా అడగండి: బిల్లు రద్దు, డిపాజిట్ వాపసు, క్రెడిట్ రిపోర్టు సవరణ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు. 38వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోసం వేరే దరఖాస్తు పెట్టి, కేసు తేలేవరకు వసూలు ప్రయత్నాలు ఆపమని కోరండి. నోటీసు అందాక కంపెనీ 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి, ఆ తర్వాత వేసేది తీసుకోరు. ఏజెన్సీని కూడా రెండో ప్రతివాదిగా చేర్చండి, అధికార పత్రం ఎందుకు అడగమన్నామో అప్పుడు అర్థమవుతుంది.

కనిగిరి_కస్టమర్ | కనిగిరి

కనెక్షన్ ఇంటిది కాకుండా జిరాక్స్ షాపుదైతే?

లాయర్‌పేట_లెక్క | ఒంగోలు

వ్యాపార అవసరానికి తీసుకున్నదని కంపెనీ అభ్యంతరం పెడుతుంది. కానీ సొంతంగా షాపు నడుపుకుంటూ దాని మీదే బతికేవాళ్లకు చట్టంలో మినహాయింపుంది. ఆ మాట ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయాలి: షాపు తానే నడుపుతున్నానని, జీవనాధారం అదేనని. నలుగురైదుగురు పనివాళ్లున్న పెద్ద సెంటరైతే కష్టం, అప్పుడు శాశ్వత లోక్ అదాలత్ చూడండి. టెలిఫోన్ సేవలు దాని పరిధిలో ఉన్నాయి. పైన చెప్పిన మామూలు లోక్ అదాలత్‌లా కాదు ఇది. రాజీ కుదరకపోతే వాళ్లే విని తేల్చేస్తారు.

ఫైబర్‌కత్తెర | కావలి

షాపు కనెక్షన్లకు ఇంకోటి కూడా చూడండి. స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) తీసుకుని ఉంటే దాని అద్దె కొన్నిచోట్ల వేరే వరసలో పడుతుంది, కనెక్షన్ మూసినా ఆ వరస విడిగా నడుస్తా ఉంటుంది. తొలగింపు ఉత్తరంలో స్టాటిక్ ఐపీ, ల్యాండ్‌లైన్ నంబరు, ఓటీటీ ప్యాక్ ఏవున్నాయో అన్నీ పేరుపేరునా రాసి మూయమనండి.